మంగళవారం మేడం గుమ్మంలో

అతను ఇంకా లేవలేదు.

పాలవాడు రాకముందే వచ్చి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఎండ వీధిగేటు దాటి, మెట్లెక్కి, అతని పాదాల దాకా పాకింది. అయినా కదల్లేదు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, పాఠం రాని పిల్లాడిలా నేలచూపులు చూస్తున్నాడు. చెవుల వెనకా, కనుబొమల్లోనూ, చొక్కా కుట్ల వెంబడీ సన్నటి దూది నూగు. దిండ్లు కుట్టే ఇంటి మనిషని వేరే చెప్పక్కర్లేదు.

వంటింటి కిటికీ సందులోంచి ఆమె మళ్ళీ తొంగి చూసింది. చూసిన ప్రతిసారీ ఈపాటికి లేచి వెళ్ళిపోయి ఉంటాడని ఆశ. ప్రతిసారీ ఆ దూది నూగే కనబడుతోంది.

"ఎంతసేపలా తేలు కుట్టిన దొంగలా చూస్తావ్? వెళ్ళి ఏదో ఒకటి చెప్పి పంపెయ్," అన్నాడు భర్త గొంతు తగ్గించి. ఫ్రిజ్‌లు బాగుచేసే పనికి బయల్దేరబోయి, పనిముట్ల సంచీ భుజాన తగిలించుకున్నవాడు తగిలించుకున్నట్టే నిలబడిపోయాడు. ఆ మనిషిని ఇంట్లో ఉంచి వెళ్ళడానికి కాళ్ళు రావడం లేదు.

"చెప్పాల్సింది చెప్పాను. వాళ్ళావిడ ఎక్కడికెళ్ళిందో నాకు తెలీదన్నాను."

"మళ్ళీ చెప్పు."

"మీరు చెప్పండి. మీ నోట్లో మాత్రం నాలుక లేదా?"

"అప్పిచ్చింది నేనా? వాళ్ళింట్లో చీకటిపడేదాకా కదలకుండా కూర్చుంది నేనా?"

పొయ్యి మీద పాలు పొంగి, అంచు దాటి, మంట మీద పడి సుయ్యిమన్నాయి. ఇద్దరూ వాటి వంకే చూస్తూ నిలబడ్డారు. వెనకనుంచి అత్తగారు వచ్చి పొయ్యి కట్టేసింది.

"ఎవరమ్మా అతను? పొద్దుటి నుంచి చూస్తున్నా, అడిగితే ఇద్దరూ గోడలకి సమాధానం చెప్తున్నారు," అంది ఆవిడ.

"మా మెంబరు వాళ్ళాయన, అత్తయ్యా."

"బ్యాంకు పని మీద వచ్చినవాడు బ్యాంకుకి పోవాలి గానీ, ఇంటికెందుకొచ్చాడు?"

కోడలు గుడ్డ తీసుకుని పొంగిన పాలు తుడవసాగింది. బ్యాంకులో ఉద్యోగమని ఈవిడ వీధంతా చాటుకుంది. కాదని చెప్పే సందర్భం పెళ్ళయినప్పటి నుంచీ రాలేదు.

అది బ్యాంకు కాదు. చిన్న చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్ళకి చిన్న చిన్న అప్పులిచ్చే సంస్థ. ఆమె అందులో ఫీల్డ్ ఆఫీసరు. ఆ హోదాతో ఆమెను పిలిచేవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. ఏ వాడకి ఏ వారం వెళ్తే, ఆ వాడలో ఆమె పేరు ఆ వారమే. దిండ్లవాళ్ళ వాడలో ఆమె మంగళవారం మేడం.

తాకట్టు పెట్టడానికి చెవికమ్మ కూడా లేనివాళ్ళకి అప్పు పుట్టించడం ఆమె పని. పొలం కాగితాలడగరు, ఇంటి పట్టా అడగరు. ఐదుగురు ఆడవాళ్ళు ఒక గ్రూపుగా చేరాలి, ఒకరికి నలుగురు పూచీ ఉండాలి, అంతే. వారం వారం ఎవరో ఒకరింట్లో చాప పరుచుకుని కూర్చుంటారు. వాయిదా కట్టి లేచిపోతారు. ఒక్కరి దగ్గర తగ్గినా మిగతా నలుగురూ లేవడానికి వీల్లేదు. వాళ్ళు లేచేదాకా మేడం కూడా లేవదు. తిట్టు లేదు, కొట్టు లేదు. కూర్చోవడమే. ఆ కూర్చోవడంలో ఎంత బలముందో ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఆమెకి అర్థమైంది. నలుగురి కళ్ళ ముందు గుమ్మానికడ్డంగా ఒక మనిషి ఊరికే కూర్చుంటే, ఆ ఇంటివాళ్ళు నేల చీలితే బాగుండనుకుంటారు.

ఈ పొద్దున ఆ సంగతి ఆమెకి రెండోవైపు నుంచి తెలుస్తోంది.

ఒంట్లో బాగోలేదని మేనేజరుకి ఫోన్‌లో అబద్ధం చెప్పి సెలవు పెట్టింది. ఆ అబద్ధం కాసేపటికే నిజమైంది. చివరికి చీర చెంగు నడుముకి దోపుకుని వరండాలోకి వెళ్ళింది.

"చూడండి, ఇంకా ఇక్కడే కూర్చుంటే ఏమొస్తుంది? చుట్టాలిళ్ళల్లో అడిగారా?"

"అడిగానండి."

"వాళ్ళ అక్కగారింట్లో?"

"అక్కడా అడిగాను. బస్టాండు చూశాను, ఆసుపత్రి చూశాను." అతను ఆగాడు. "వెతక్కూడని చోట్లు కూడా వెతికానండి."

ఆమె వీధిగేటు వైపు చూసింది.

"ఫోను ఇంట్లోనే పెట్టి వెళ్ళింది," అన్నాడు అతనే. "అర్ధరాత్రి మెలకువ వచ్చి చూస్తే పక్కన లేదు. లేచి పని చేసుకుంటోందేమో అనుకున్నా. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. కుట్టాల్సిన గలీబులన్నీ కుట్టేసి దొంతరగా పెట్టింది. గది ఊడ్చేసి ఉంది. మేడం, మా ఇంట్లో నేల మీద దూది లేకపోవడం నేనెప్పుడూ చూడలేదు."

మాట్లాడుతున్నంతసేపూ అతని గొంతు పెరగలేదు, తరగలేదు. అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది. అరిస్తే తిరిగి అరవొచ్చు. ఏడిస్తే ఓదార్చొచ్చు. ఇలా మాట్లాడేవాడిని ఏం చేయాలి?

"పోలీసులకి చెప్పారా?"

"వెళ్ళానండి. ఒక రోజు గడవనీ, ఆడవాళ్ళన్నాక అలుగుతారు, పుట్టింటికి పోయి ఉంటుంది అన్నారు. పుట్టింట్లో ఎవరూ లేరు బాబూ అన్నాను. అయినా ఒక రోజు గడవనీ అన్నారు."

అత్తగారు టీ గ్లాసు పట్టుకుని వచ్చింది. ఎవరి మీదెంత కోపమున్నా గుమ్మంలోకి వచ్చినవాడి గొంతు తడపడం ఆవిడ మానదు.

"ముందిది తాగు నాయనా. మొహం పీక్కుపోయింది."

అతను చేతులు జోడించాడే గానీ గ్లాసు అందుకోలేదు. "వద్దమ్మా. నిన్న మా ఇంట్లో మేడంగారు మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు. పనిమీద ఉన్నప్పుడు ముట్టుకోకూడదంట. నేను కూడా పనిమీదే వచ్చానమ్మా."

"ఏం పని?"

"మా ఆవిడ కోసం వచ్చాను. దొరికేదాకా కూర్చుంటాను. నిన్న మేడంగారు వాయిదా కోసం కూర్చున్నారు. దొరికేదాకా కూర్చున్నారు. ఒక్క మాట కూడా గట్టిగా అనలేదమ్మా, అబద్ధమెందుకు. నేనూ అనను."

అత్తగారు గ్లాసుని అరుగు మీద పెట్టి కోడలి వంక చూసింది. ఆ చూపులో ఇంకా కోపం లేదు. ఉన్నది అనుమానమే.

"నువ్వు వీళ్ళింట్లో కూర్చున్నావా? ఎంతసేపు?"

"అది... మా పద్ధతి అత్తయ్యా. గ్రూపు మొత్తం కట్టేదాకా..."

"ఎంతసేపని అడిగాను."

"మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టేదాకా," అన్నాడు అతను. ఫిర్యాదు చేస్తున్నట్టు లేదు. దారి అడిగినవాళ్ళకి దారి చెబుతున్నట్టుంది.

తెరిచి ఉన్న తలుపులోంచి అతని చూపు లోపలి మంచం మీద పడింది. మంచం మీద అత్తగారి దిండు ఉంది, ఆవిడ మెడనొప్పికని పోయినేడు కోడలు కొనుక్కొచ్చినది.

"అది మా ఆవిడ కుట్టిందే," అన్నాడు. "మూల దగ్గర కుట్టు వెనక్కి తిప్పి ముడేస్తుంది. ఇంకెవరూ అంత శ్రమ పడరు."

అత్తగారు దిండు వంక చూసి, చప్పున చూపు తిప్పుకుంది. రోజూ తల పెట్టి పడుకునే వస్తువు ఉన్నట్టుండి ఎదురు తిరిగి ప్రశ్న వేసినట్టుంది ఆవిడకి.

మొదట్లో ఇలా లేదు. కుట్టుమిషను కోసం తొలి అప్పిచ్చిన రోజు మంగళవారం మేడం మనసు తేలిగ్గా ఇంటికొచ్చింది. దిండ్లామె ఏ వారమూ వాయిదా తప్పలేదు. రెండో అప్పు పెద్దది, దూది ఏకే యంత్రానికి. "తీసుకోండి, మీలాంటివాళ్ళకి కాకపోతే ఇంకెవరికిస్తాం," అని తనే ముందుకి తోసింది. యంత్రం వచ్చింది, లాడ్జివాళ్ళ పెద్ద ఆర్డరూ వచ్చింది. దిండ్లు వెళ్ళాయి. లాడ్జివాళ్ళ డబ్బు మాత్రం రేపు, ఎల్లుండి అంటూ రాకుండా ఉండిపోయింది. ఆ పైన ముసురు పట్టి దూది చెమ్మగిల్లింది. అక్కణ్ణుంచి ప్రతి మంగళవారమూ చాప మీద ఒకరి మొహం ఒకరు చూసుకోవడమే.

ఇటు గ్రూపు, అటు మేనేజరు. నడుమ ఆమె అడకత్తెరలో పోకచెక్క. ఒక్క వాయిదా తప్పినా వసూళ్ళ పట్టికలో ఆమె పేరు ఎర్రగా కనబడుతుంది. అందుకే నిన్న కూర్చుంది. దీపాలు పెట్టే వేళకి మిగతా నలుగురూ సణుక్కుంటూ, తిట్టుకుంటూ తలా కాస్త వేసి ఆ వాయిదా పూడ్చారు. "నువ్వు దిండ్లలో కూరేది దూది కాదే, మా ఉసురు," అని గ్రూపు లీడరు టీ కొట్టామె విసురుగా అనేసి వెళ్ళిపోయింది. దిండ్లామె వంగి చాప చుట్టింది.

"మేడం, ఒక్క సంగతి," అన్నాడు అతను. ఈసారి తల ఎత్తి ఆమె కళ్ళలోకి చూశాడు. "వాళ్ళంతా వెళ్ళాక మా ఆవిడ మిమ్మల్ని బండి దాకా దిగబెట్టింది. మీతో ఏదో మాట్లాడింది. నేను లోపల యంత్రం దగ్గరున్నా. ఆ మోతలో ఏమీ వినబడలేదు. లోపలికొచ్చాక మొహం తేటగా ఉంది. చాన్నాళ్ళకి అలా చూశాను. నవ్వింది కూడా. ఏం మాట్లాడింది మీతో?"

"ఏం లేదు. వచ్చేవారం ఎలాగైనా కడతానంది."

"అంతేనా?"

"అంతే."

"దానికి నవ్వదండి," అన్నాడు అతను. మళ్ళీ నేలచూపులకి దిగిపోయాడు.

ఆమె లోపలికి వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. అంతే కాదు. బండి తాళం పెడుతుంటే దిండ్లామె దగ్గరికి వచ్చి, మెల్లగా, ధర అడిగినంత మామూలుగా అడిగింది.

"మేడం, అప్పు తీసుకున్న మనిషికేదైనా అయితే ఈ అప్పు ఎవరి మీద పడుతుంది?"

రోజుకి పదిమంది అడిగే ప్రశ్న అది. కొత్త గ్రూపు చేరిన ప్రతిసారీ తనే చిలకలా వల్లించే పాఠం. తల తిప్పకుండానే చెప్పింది. "బీమా ఉందిగా. అప్పిచ్చేటప్పుడే దానికి కోసుకున్నాం. బాకీ మొత్తం కొట్టేస్తారు."

"మా ఆయన మీద పడదా?"

"పడదు."

"గ్రూపు మీద?"

"గ్రూపు మీదా పడదు. ఒక్క పైసా పడదు."

దిండ్లామె మొహం అప్పుడే తేటపడింది. "వెళ్ళొస్తారా మేడం, చీకటి పడింది, మెల్లగా వెళ్ళండి," అంది. రోజంతా ఆ పిల్లని ఏడిపించినా, చివర్లో ఒక ధైర్యం మాట చెప్పి వచ్చానని దారి పొడుగునా మంగళవారం మేడం తృప్తిపడింది కూడా.

తెల్లారి గుమ్మంలో దూది నూగుతో ఈ మనిషి కనబడి, "మా ఆవిడ మీ దగ్గరికేమైనా వచ్చిందా" అని అడిగిన క్షణంలో గానీ ఆ ప్రశ్నకి అర్థం తెలియలేదు.

"ఇలా రా," అంటూ భర్త ఆమెని లోపలి గదిలోకి లాగి తలుపు దగ్గరగా వేశాడు. "జాగ్రత్తగా విను. రేపెవరైనా వచ్చి అడిగితే, నిన్న నువ్వు పెందలాడే వచ్చేశావు. మీటింగవగానే ఇంటికొచ్చేశావు. నేను ఇంట్లోనే ఉన్నాను, చూశాను. అర్థమైందా?"

"నలుగురు చూశారండి నన్ను."

"ఆ నలుగురూ నీకన్నా ఎక్కువ భయపడి ఉంటారు. నోరు విప్పరు."

"ఎవరో ఏదో అడుగుతారని మీకెందుకనిపిస్తోంది? ఆవిడకి ఏమీ కాలేదు. అలిగి వెళ్ళి ఉంటుంది."

భర్త ఆమె మొహంలోకి చూశాడు. "ఏమీ కాలేదని నీకంత నమ్మకముంటే ఎందుకు వణుకుతున్నావు?"

ఆమె మంచం పట్టె మీద కూలబడింది. భర్తకి చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ చెబితే ఏమవుతుందో తెలుసు. ముందు ఆ మాట బయటికి పొక్కకుండా చూడమంటాడు. భయమేస్తే మనిషి ముందు తన తలుపే వేసుకుంటాడు. నిన్నటిదాకా తను చేసిందీ అదేగా.

భర్త విసురుగా తలుపు తీసి వరండాలోకి వెళ్ళాడు. ఆపేలోగానే దిండ్లాయన భుజం పట్టుకుని పైకి లాగాడు.

"లేవయ్యా. మర్యాదగా చెప్తున్నా. ఇది ఇల్లు, సత్రం కాదు. మీ ఆవిడని మేం దాచిపెట్టుకోలేదు."

అతను ఎదురు తిరగలేదు. లాగితే లేచాడు, వదిలేస్తే కూర్చున్నాడు. కుర్చీ కాళ్ళు గచ్చు మీద కీచుమన్నాయి. ఎదురింటి మేడ మీద బట్టలారేస్తున్నామె చేతిలో బట్ట అలాగే ఉంచుకుని చూస్తోంది.

"పోలీసుల్ని పిలుస్తా."

"పిలవండి బాబూ," అన్నాడు అతను, నిజంగానే ఆశపడుతూ. "నేను పిలిస్తే రాలేదు. మీరు పిలిస్తే వస్తారేమో. వస్తే వెతుకుతారు."

భర్త చెయ్యి దానంతటదే జారిపోయింది.

"చాల్లే, లోపలికి రా," అంది తల్లి గడప దగ్గర నుంచి. "పెళ్ళాం కనబడక వచ్చినవాడి మీద చెయ్యి వేసేంత మొనగాడివయ్యావా?"

"అమ్మా, నీకు తెలీదు. ఏకు మేకవుతుంది. ఇవాళ వీడు కూర్చున్నాడు, రేపు వాడకి వాడ వచ్చి కూర్చుంటుంది. ఉద్యోగం పోతుంది దానికి."

"ఉద్యోగమా? అప్పు కోసం ఆడపిల్ల ఇంట్లో రోజంతా బైఠాయించడం ఉద్యోగమని నాకెవరూ చెప్పలేదురా. బ్యాంకన్నారు. వీధిలో తలెత్తుకుని చెప్పుకున్నాను."

"ఆ ఉద్యోగంతోనే ఇంటద్దె కడుతున్నాం. నీ మందులు కొంటున్నాం. అప్పుడడగలేదే?"

భర్త మొహం మాడ్చుకుని గోడకి చేరగిలబడ్డాడు. సంచీ మాత్రం భుజం మీంచి దించలేదు.

అత్తగారు లోపలికి వచ్చి కోడలి పక్కన కూర్చుంది. ఆమె చేతిని తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

"కాగితాల సంగతులు నాకు తెలీవమ్మాయ్. మనుషుల సంగతి కొంచెం తెలుసు. అతనికి నువ్వు చెప్పింది అబద్ధం."

"అత్తయ్యా..."

"నన్ను చూసి భయపడకు. మావాడిని చూసీ భయపడకు. ఆ పిల్ల నీతో ఏమంది?"

"ఆవిడ ఏమీ అనలేదత్తయ్యా. అడిగింది. నేనే అన్నాను."

"ఏమన్నావ్?"

ఆమె నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే బల్ల మీద ఫోను మోగింది.

మేనేజరు.

ఎత్తకపోతే మళ్ళీ మోగుతుంది. స్పీకరు నొక్కి బల్ల మీదే ఉంచింది. రెండో చెయ్యి ఇంకా అత్తగారి ఒళ్ళోనే ఉంది.

"ఏమ్మా, ఒంట్లో ఎలా ఉంది?" మేనేజరు మంచి హుషారు మీదున్నాడు. "రెస్టు తీసుకో, ఫరవాలేదు. ఒక మంచి మాట చెబుదామని చేశా. మెంబర్లకి అన్నీ వివరంగా చెప్పాలని మీటింగుల్లో మొత్తుకుంటాను చూడు, అది నువ్వొక్కదానివే చేస్తున్నావని ఇవాళ తెలిసింది."

"ఏంటి సార్?"

"పొద్దున్నే ఆఫీసు తలుపు తీసేసరికి మెట్ల మీద ఒకావిడ కూర్చునుంది. మంగళవారం మేడం చెప్పారు, బీమా సంగతి నిజమేనా, రాతలో ఉందా అని అడిగింది. ఇంత దూరం నడిచొచ్చిందట పాపం. కూర్చోబెట్టి చదివి వినిపించా."

ఆమె లేచి నిలబడింది. ఒళ్ళోంచి చెయ్యి జారిపోతే అత్తగారు కూడా లేచింది.

"ఇంకేమడిగింది సార్?"

"ఎన్నాళ్ళకి చెల్లుతుందని అడిగింది. నాళ్ళేమిటమ్మా, అప్పిచ్చిన రోజు నుంచే చెల్లుతుంది, ఏం జరిగినా ఇంట్లోవాళ్ళకి ఇబ్బంది ఉండదు అని చెప్పా. రెండు చేతులెత్తి దండం పెట్టింది. అలాంటి మెంబర్లు ఉండాలమ్మా, ముందుచూపున్నవాళ్ళు."

"ఎప్పుడు వెళ్ళింది?"

"ఇదిగో, ఇప్పుడే. మెట్లు దిగుతోంది."

గుమ్మంలో నీడ పడింది. దిండ్లాయన కుర్చీలోంచి ఎప్పుడు లేచాడో, ఎప్పుడు గడప దాకా వచ్చాడో ఎవరూ చూడలేదు. అతని వెనక భర్త. వద్దు, ఏమీ అనకు అన్నట్టు భర్త తల అడ్డంగా ఊపుతున్నాడు.

"సార్, ఆవిడని ఆపండి."

"ఎందుకు? అన్నీ చెప్పేశాగా."

"ఆపండి సార్. వెళ్ళనివ్వకండి."

"విషయమేంటో చెప్పకుండా దారినపోయే ఆడమనిషిని ఎలా ఆపమంటావు? కస్టమర్లున్నారు ఇక్కడ. బాగుండదు."

చెప్పకపోతే కదలడు. చెబితే గడపలో ఉన్న మనిషి వింటాడు. ఆమె అతని మొహం చూడలేక ఫోను వంకే చూస్తూ చెప్పేసింది.

"ఆవిడ చచ్చిపోదామనుకుంటోంది సార్. అందుకే అడిగింది. చచ్చిపోతే అప్పు పోతుందా అని నిన్న నన్నూ అడిగింది. పోతుందని చెప్పాను. ఎవరి మీదా పడదని చెప్పాను. మీరూ అదే చెప్పారు."

దిండ్లాయన ద్వారబంధం పట్టుకున్నాడు.

ఫోన్‌లో అటువైపు కుర్చీ వెనక్కి పడ్డ చప్పుడు. తలుపు. మెట్ల మీద బూట్ల చప్పుడు, స్థూలకాయం పరుగెత్తే ఆయాసం, ఆ వెంటనే వీధి హోరు ముంచెత్తినట్టు వచ్చింది. హారన్లు, బళ్ళు, ఎవరో ఎవరినో కేకేయడం.

"చాలామంది ఉన్నారమ్మా," మేనేజరు రొప్పుతున్నాడు. "ఏ చీర? ఏ రంగు చీర? నేను సరిగ్గా చూడలేదు."

ఆమె మొదటిసారి దిండ్లాయన వైపు తిరిగింది. "ఏ చీర కట్టుకుని వెళ్ళింది?"

అతను తల అడ్డంగా ఊపాడు. "చీకట్లో వెళ్ళింది."

"ఆవిడ పేరు చెప్పి పిలవండి సార్," అంటూ ఆమె పేరు చెప్పింది. మేనేజరు పిలిచాడు. ఒకసారి ఇటు, ఒకసారి అటు. ఆఫీసులో హాజరు పిలిచే గొంతు అది.

"ఎవరూ తిరగట్లేదు. ఆఫీసు బయట నా గొంతు వింటే ఎవరాగుతారమ్మా, వాయిదా కోసమనుకుని ఇంకా త్వరగా పోతారు."

ఆఫీసు ఊరికి ఆ చివర. బండి మీద ఎంత వేగంగా వెళ్ళినా అందుకోవడం కల్ల. అయినా ఆమె తాళాల కోసం గోడ తడుముతోంది. ఆ తడుముతున్న చేతికి అడ్డంగా ఇంకో చెయ్యి వచ్చింది. దిండ్లాయన లోపలికి వచ్చి బల్ల మీది ఫోను తీసుకున్నాడు. అతను తననేమైనా అంటాడని, చెయ్యెత్తుతాడని ఆమె కళ్ళు మూసుకుంది. అతను ఆమె వైపు చూడనే లేదు.

"సారూ," అన్నాడు ఫోన్‌లో. "ఆ పేరుకి ఆగదండి. అది అప్పు కాగితాల మీది పేరు. శబ్దం ఎంత పెరిగితే అంత పెంచి, ఫోను పైకెత్తి పట్టుకోండి. నేను పిలుస్తాను."

"మీరెవరు?"

"పైకెత్తండి సారూ."

అతను గొంతు సవరించుకున్నాడు. పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా పెరగని ఆ గొంతు, పరాయి ఇంట్లో, పరాయివాళ్ళ మధ్య, సిగ్గు విడిచి పైకి లేచింది.

"దూదిపిల్లా."

హారన్లు. ఏదో లారీ వెనక్కి వస్తున్న కూత.

"దూదిపిల్లా, నేనే. అప్పు ఉండనీ. ఎంతైనా ఉండనీ. నువ్వు ఆగు."

అత్తగారి చెయ్యి కోడలి మణికట్టు మీద బిగుసుకుంది. గుమ్మంలో భర్త భుజం మీది సంచీ మెల్లగా దించి కింద పెట్టాడు. అందులోని పనిముట్లు గలగలమంటే, ఆ చప్పుడుకి తనే ఉలిక్కిపడి రెండు చేతులతో సంచీని అదిమిపట్టుకున్నాడు.

"దూదిపిల్లా."

గొంతు జీరపోయింది. అతను ఫోనుని చెవికేసి గట్టిగా నొక్కుకున్నాడు, స్పీకరు మోగుతోందన్న సంగతి కూడా తెలియకుండా.

అవతల వీధి హోరు తప్ప ఇంకేమీ లేదు. ఆ హోరులోంచి, బెదిరిన పక్షి దగ్గర నిలబడ్డవాడిలా గొంతు బాగా తగ్గించి, మేనేజరు అన్నాడు.

"రోడ్డు మధ్యలో ఒకావిడ ఆగింది. వెనక్కి మాత్రం తిరగట్లేదు."